అరవై నాలుగు కిలోల బంగారం

27 జనవరి 2008, ఆదివారం

పొద్దెక్కిందాక మంచు విడువలేదు. కాయ తడిగా ఉందని మిరప ఏరుడు లేటయింది. చేతులు ఇంకా మండుతున్నయ్. మా ఆయన లారీ నడుపుడు ఆపి ఇంట్లో పడి రెండు నెలలు. మధ్యాహ్నం మళ్ళీ జ్వరం.

అత్త జాతర మాటెత్తింది. నిరుడు ఎండాకాలం మొదటిసారి జ్వరం వచ్చినప్పుడు, కొడుకు లేచి తిరిగితే నిలువెత్తు బంగారం ఇస్తనని సమ్మక్క తల్లికి మొక్కిందట. అంటే కొడుకు తూగినంత బెల్లం. నేను బెల్లం అంటే కసిరింది, బంగారం అనాలె అన్నది. ఎంత కావాలో ఆమెకు ఎరుకే. నిరుడు ఖమ్మం మిర్చి యార్డులో హమాలీలు ఆయన్ని నవ్వులాటకు కాటా ఎక్కించిండ్రు. అరవై నాలుగు. బస్తాకు తీసినట్టు నీకూ కిలో తరుగు తియ్యాలె అన్నరట. అప్పుడు ఇంటికొచ్చి నవ్వుకుంట చెప్పిండు.

30 జనవరి

డాక్టర్ రాసిచ్చిన చీటీ ఆయన చింపేసిండు. ఇద్దరూ ఖమ్మం పెద్ద దవాఖానాకు పోయి రక్తం చూపించుకోమన్నడు డాక్టర్. హెచ్.ఐ.వి. టెస్ట్. ఈ మాట అమ్మకు చెప్పినవంటే లారీ ఎక్కి మళ్ళ ఈ ఊరికి రాను అన్నడు. నిరుటి మొక్కు బాకీ ఉన్నదట, అది తీరితే తగ్గుతదట.

నాకు జ్వరం లేదు. రోజూ నుదురు పట్టి చూసుకుంటున్న.

4 ఫిబ్రవరి

అత్తతో ఇల్లందు పోయిన. ఆమె మెడలోని బంగారు గుండ్లు అమ్మనీకి. వాళ్ళమ్మ చేయించినవి, అర తులం. షాపాయన తలుపు వేసి, ఫ్యాన్ బంద్ చేసి, అద్దాల పెట్టెలో ఉన్న చిన్న కాటా మీద పెట్టిండు. గాలికి కూడా లెక్క తప్పుతదట. అర తులానికి ఎక్కువే ఉందన్నడు. పాత తులం పదకొండున్నర గ్రాముల పైన, ఇప్పటి తులం పదే, అందుకని. అత్త సంబరపడ్డది, మెడలో ఉండి పెరిగిందన్నది. లోపలి లక్క తీసి మళ్ళీ తూస్తే పెరిగింది పోయింది.

తిరుగు దారిలో ఊళ్ళో పగిడయ్య కిరాణం షాపులో అరవై నాలుగు కిలోలు చెప్పి పైసలు కట్టింది. బోసిమెడతో ఇంటికొచ్చింది.

10 ఫిబ్రవరి

అరవై నాలుగని తెలిసిందే కదా, తూకంలో కూర్చునుడెందుకని ఆయన. కూర్చోకుంటే అది మొక్కు కాదని అత్త. రోజంతా ఇదే.

11 ఫిబ్రవరి

ఇయ్యాల కూడా.

17 ఫిబ్రవరి, ఆదివారం

పగిడయ్య షాపు ముందు దూలానికి పెద్ద తక్కెడ కట్టిండు. డప్పు కొట్టిండ్రు. వాడకట్టంతా వచ్చింది. ఆయన స్వెట్టర్ మీద స్వెట్టర్, పైన శాలువా. శాలువా కింద లారీ జాకీ రాడ్డు ఉన్నది. ఇంట్లో కట్టుకుంటుంటే చూసిన. 

ఒక తట్టలో బెల్లం దిమ్మలు పేర్చి, రెండో తట్టలో కూర్చోమన్నరు. కూర్చున్నడు. తట్ట కిందికి రాలేదు. కాళ్ళు నేలకు అందక వేలాడినయ్.

లారీ టైరులో గాలి పోయిందా ప్రభాకరూ అని ఎవరో అన్నరు. కొందరు నవ్విండ్రు. పగిడయ్య ఒక్కో దిమ్మ తీసి పక్కన పెట్టుకుంట పోయిండు. నాలుగో దిమ్మకు నవ్వు ఆగింది. తర్వాత డప్పు కూడా ఆగింది. ముల్లు నిలబడేసరికి కింద గోనెపట్టా మీద చిన్న కుప్ప అయింది. విడిగా తూచిండు. పద్నాలుగు కిలోలు. రాడ్డు బరువు కూడా నేను మనసులో తీసేసుకున్న.

మిగిలింది వాపసు తీసుకుంట, పైసలిస్త రామక్కా అన్నడు పగిడయ్య. అత్త ఆ కుప్పనే చూసుకుంట నిలబడ్డది.

"అమ్మ దగ్గర తరుగు తియ్యొద్దు. అరవై నాలుగు మొక్కిన. అరవై నాలుగే పోవాలె."

వంగి ఒక్కో దిమ్మ ఏరి సంచిలో వేసింది. ఎవర్నీ చెయ్యి పెట్టనియ్యలేదు.

18 ఫిబ్రవరి

పొద్దున పొయ్యి దగ్గర అత్త రోగం పేరు అడిగింది. చెప్పిన. ఆయన లారీ ఎక్కి పోతే పోనీ అనుకొనే చెప్పిన. టెస్ట్ ఇంకా కాలేదని, ఇద్దరం పోవాలని కూడా చెప్పిన. చాలాసేపు కట్టెలు ఎగదోసింది. నన్ను కింది నుంచి మీది దాక చూసింది.

"నువ్వెంత తూగుతవే?"

తెల్వదన్న. నన్ను ఎప్పుడూ ఎవరూ తూచలేదు.

19 ఫిబ్రవరి

ఆరింటికి జాతర ట్రాక్టర్ వచ్చింది. బెల్లం సంచుల పక్కన ఆయన ఎక్కి కూర్చున్నడు. అత్త దిగమన్నది. దిగిండు.

అత్త జాతరకు పోయింది. ఏడున్నర ఖమ్మం బస్సుకు మేమిద్దరం పోయినం.