రిజిస్టర్లో నా ఆదివారాలు

14 జూలై, సోమవారం

నిన్న రెండో ఆదివారం. మళ్లీ పోలేదు.

మహబూబాబాద్ గురుకులంలో తల్లిదండ్రుల్ని రానిచ్చేది నెలకు ఆ ఒక్క రోజే. ఫిబ్రవరి తర్వాత నేను ఆ గేటు దాటింది లేదు. ఎండాకాలం సెలవులు కూడా నా బిడ్డ సమీనా కొత్తగూడలో మా అమ్మ దగ్గరే గడిపింది. నిన్న అన్నం టైంలో వార్డెన్ మేడంకు ఫోన్ చేస్తే, "ఫోన్ కాడికి రానంటున్నదమ్మా." వెనక నుంచి పిల్ల గొంతు... "షాపుకే చెప్పుకోమనండి మేడం."

పన్నెండేళ్లు. నా నోరే వచ్చింది.

16 జూలై

ఆషాఢం ఆఫర్. జనగామ సగం మా చీరల షాపులోనే ఉంది. పొద్దున పదింటి నుంచి రాత్రి తొమ్మిదిన్నర దాకా నిలబడే ఉండాలి. బేరం లేనప్పుడు కూడా కూర్చోవద్దు. రోడ్డు మీద పోయేవాళ్లకు షాపు నిద్రపోతున్నట్టు కనిపిస్తుందట. సేటు మాట.

కాళ్ల సంగతి రాయను. రాస్తే ఇంకా నొప్పి.

18 జూలై

స్వప్న అని కొత్త పిల్ల, జూన్‌లో చేరింది. చిల్పూరు నుంచి రోజూ బస్సు. నిన్న డబ్బాలు విప్పుకుంటుంటే అడిగింది. "అక్కా, మనకు వారం సెలవు ఏ రోజు?"

అందరం నవ్వాం. నేనే ఎక్కువ నవ్వాను.

"నవ్వుడు ఎందుకు? మా ఊరికి వకీలు మేడం వచ్చి చెప్పింది. వారానికి ఒక రోజు సెలవు ఇయ్యాలె. పనిల పెట్టుకున్నట్టు కాయిదం ఇయ్యాలె. వారానికి నలభై ఎనిమిది గంటలే పని. హక్కట, అడుక్కునుడు కాదట."

యాదమ్మక్క, మా అందరికంటే పాతామె, ముద్ద కలుపుతూనే అంది. "హక్కులు చిల్పూర్ల పెట్టి రా బిడ్డా. గిక్కడ చీరలు మడతపెట్టు."

మళ్లీ నవ్వులు. ఆ పిల్ల తల వంచుకొని తిన్నది. వేళ్ల మీద లెక్కేసుకున్నాను, నావి వారానికి ఎనభై గంటలు. మూడేళ్లలో ఒక్కసారీ లెక్కేయలేదు.

20 జూలై, ఆదివారం

అడగందే అమ్మైనా పెట్టదంటారు. నిన్న సేటును అడిగాను. నెలకు ఒక్క ఆదివారం, అంతే.

"నువ్వు పనిమనిషివా రజియా? నాకు చెల్లె లెక్క. ఇంట్ల మనిషి సెలవు అడుగుతదా?"

ఈ ఊళ్లో నన్ను వరస పెట్టి పిలిచేది ఆయనొక్కడే. అద్దె గది, పొయ్యి, నేను. సమీనా వాళ్ల అబ్బ భూపాలపల్లి బొగ్గు లారీల మీద పోయి అక్కడే ఇంకో ఇల్లు చేసుకున్నాడు. చెల్లె అంటే చాలు, కుక్కపిల్లలా వెంట పోతున్నాను. నా మీద నాకే కోపం వస్తోంది.

25 జూలై

శ్రావణం వచ్చింది. వాన. బేరాల మాటలు కాక ఈ వారం ఎవరితోనైనా మాట్లాడానా... గుర్తు రావడం లేదు.

1 ఆగస్టు

నిన్న రిజిస్టర్ రోజు.

నెలాఖరున సేటు హాజరు రిజిస్టర్ నా ముందు పెడతాడు. "నీ రాత ముత్యాలు, చెల్లె." పదకొండు మందికీ నెల మొత్తం నేనే నింపాలి. వచ్చింది పది, పోయింది ఏడు, నడుమ గంట అన్నానికి. వారానికి ఒక గడిలో ఎర్ర పెన్నుతో 'సెలవు'. ఎవరికి ఏ రోజన్నది సేటు చెప్పడు. నా ఇష్టం.

ఇది ఎందుకు రాయిస్తున్నాడో తెలియదా? తెలుసు. తెలిసే రాస్తున్నాను. ఇంకో మాట ఎవరికీ చెప్పలేదు... ఈ రోజు కోసం నెలంతా ఎదురు చూస్తాను. యాదమ్మక్కకు శనివారాలు ఇస్తాను, బుగులు వెంకన్న గుట్టకు పోవాలంటుంది కదా. స్వప్నకు మంగళవారాలు. వాళ్ల నాయినను దవాఖానకు తీసుకుపోవాల్సింది ఆ రోజే. నాకు ఆదివారాలు, అన్నీ. జూలై పదమూడు గడిలో కూడా ఎర్రగా, గుండ్రంగా రాశాను. రిజిస్టర్ ప్రకారం ఆ రోజు నేను నా బిడ్డ దగ్గర ఉన్నాను.

తర్వాత అందరూ వరసగా సంతకాలు పెట్టారు. చదివినవాళ్లు లేరు. స్వప్న కూడా చదవలేదు, బస్సు టైం అవుతోందని.

5 ఆగస్టు

నిన్న లేబర్ ఆఫీసు సారు వచ్చారు. స్వప్న దరఖాస్తు పెట్టిందట. సేటు కుర్చీ వేయించి, చాయ్ తెప్పించి, నవ్వుకుంటూ రిజిస్టర్ ఇచ్చాడు. సారు పేజీలు తిప్పారు.

"ఏమ్మా, నీకు మంగళవారాలన్ని సెలవని ఉన్నది. సంతకం నీదేనా?"

"నాదే సార్. కని..."

"మరి?"

ఆ పిల్ల వంగి పేజీ చూసింది. అట్లా చూస్తూనే ఉంది. తర్వాత తల తిప్పి నన్ను చూసింది.

"ఇది ఎవరు రాసిన్రు?" అన్నారు సారు.

"గుమస్తా ఉండె సార్. మానేసి పోయిండు," అన్నాడు సేటు.

మా షాపులో గుమస్తా ఏనాడూ లేడు. అందరికీ తెలుసు. అందరం చీరల వైపు చూశాం. సోమవారం పదకొండో తారీఖు ఆఫీసుకు రండి, పనివాళ్లలో ఒకరిని సాక్ష్యానికి తీసుకురండి అని చెప్పి సారు వెళ్లారు. ఆయన మెట్లు దిగగానే స్వప్నను రేపటి నుంచి రావద్దన్నాడు సేటు.

ఆమె డబ్బా సర్దుకుని పోతుంటే నేను పట్టుచీర ఒకటి విప్పి మళ్లీ మడత పెట్టాను. ఎవరూ అడగని చీర.

7 ఆగస్టు

పొద్దున్నే స్వప్న ఫోన్. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"నా డబ్బా మీద పేరు రాసిచ్చినవ్ గదక్కా. గదే రాత."

ఊ అన్నాను.

"మా నాయిన దవాఖాన రోజని మంగళవారం రాసినవా?"

ఊ అన్నాను. బస్టాండ్ చప్పుడు వినిపించింది.

"సోమవారం గీ ముచ్చట సారుకు చెప్పక్కా. నేను అబద్ధం ఆడలేదని తెలిస్తే చాలు."

10 ఆగస్టు, రెండో ఆదివారం. రైల్లో

నిన్న రాఖీ. ఏటా షాపు ఆడవాళ్లమంతా సేటుకు కడతాం, జాకెట్ ముక్క ఇస్తాడు. నా వంతు వచ్చినప్పుడు ముక్క ఇవ్వలేదు. "రేపు పోయి బిడ్డను చూసి రా చెల్లె. ఇగ నెలనెలా రెండో ఆదివారం నీదే."

కళ్లలో నీళ్లు వచ్చాయి. నిజంగా వచ్చాయి, సిగ్గేస్తోంది రాయడానికి. అవి తుడుచుకోకముందే, "సోమవారం నువ్వే సాక్షివి. అందరికి సెలవులు ఇస్తున్రని చెప్పు. రాసియ్యమంటే రాయకు. సంతకం తప్ప రాసుడు రాదను."

కొత్తగూడ బడిలో నాదే మంచి రాత. హెడ్మాస్టర్ సారు నోటీసు బోర్డు నాతోనే రాయించేవారు. ఆ బోర్డు చూడ్డానికి మా అబ్బ పని మానుకుని వచ్చాడు ఒకసారి. చదువు రాని మనిషి. అక్షరాలను వేలితో తడిమి చూసి వెళ్లాడు.

తిరుగు రైల్లో

బిడ్డ ఎత్తు పెరిగింది. లంగా పొట్టిదైంది. అరగంట సేపు నాకు వీపు చూపించింది. సర్వపిండి విప్పితే తిన్నది. తిన్నాక నా ఒళ్లో తల పెట్టి అట్లాగే పడుకుంది. నేను కదలలేదు, కాలు తిమ్మిరెక్కినా.

"సెలవు ఎట్ల ఇచ్చిండు అమ్మీ?"

"అడిగిన. ఇచ్చిండు."

"వచ్చే నెల గూడ ఇస్తడా? ఒట్టు పెట్టు."

పెట్టలేదు. పేలు ఉన్నాయేమో చూస్తానని జడ విప్పాను. అర్థమైనట్టుంది, మళ్లీ అడగలేదు. గేటు దగ్గర చెయ్యి ఊపింది.

11 ఆగస్టు, సోమవారం

లేబర్ ఆఫీసు వరండా. బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను. ఎదురు బెంచీ మీద స్వప్న, వాళ్ల నాయిన. ఆయన భుజం మీది తువ్వాలతో మాటిమాటికీ నోరు తుడుచుకుంటున్నాడు. సేటు నా పక్కన.

ఇందాక ఆఫీసు గుమస్తా తెల్ల కాయిదం తెచ్చాడు. "మీకు తెలిసింది మీ చేతితోని రాసియ్యాలె. రాయరాకపోతే చెప్పుండ్రి, నేను రాసుకుంట."

నేను నోరు తెరవకముందే సేటు అన్నాడు. "రాయరాదు సార్ ఆమెకు. మీరే రాసుకోండ్రి."

గుమస్తా సరే అని పెన్ను కోసం లోపలికి పోయాడు. స్వప్న నేల వైపు చూస్తోంది. అప్పుడు సంచిలోంచి ఈ డైరీ తీశాను. ఎందుకంటే చెప్పలేను... భయమేస్తే రాసుకోవడం అలవాటు, అంతే.

"చెల్లె. బుక్కు లోపట పెట్టు."

సెప్టెంబర్ పద్నాలుగు రెండో ఆదివారం. ఈ పని పోతే ఇంకో షాపు చూసుకోవాలి, కొత్తగా చేరినదానికి ఏ షాపువాడు ఆదివారం ఇస్తాడు. బిడ్డ గేటు దగ్గర నిలబడి చూస్తుంది. స్వప్న వాళ్ల నాయిన దగ్గుతున్నాడు. అక్షరాలు వంకర పోతున్నాయి.

"రజియా. నీకే చెప్తున్న."

గుమస్తా వచ్చాడు. తలుపు దగ్గర ఆగి నా చేతి వైపే చూస్తున్నాడు