మూలన పేరు కోసం ఒక హత్య

లాయరు గారికి,
ఊచల వెనకనుంచి కుంచె నమస్కరించి, కోపం దిగమింగుకుని రాసేది.

మీ గుమ్మం మీద బోర్డు రాసింది నేనే. "హత్య కేసులు ప్రత్యేకం" అన్న అక్షరాలకి ఎరుపైతే కొట్టొచ్చినట్టుంటుంది అన్నదీ నేనే. ఆ ఎరుపే ఇప్పుడు నా కొంప ముంచింది. మా మేస్త్రీని నేను చంపేశానట!

బోర్డు ఎవరు రాస్తే వాళ్ళు కింద మూలన చిన్నగా పేరు రాసుకోవడం మా పనిలో మర్యాద. నేను రాసిన ప్రతి బోర్డు మీదా నా పేరు కిరసనాయిలు గుడ్డతో తుడిచేసి, తన పేరు పెట్టుకుంటాడు మేస్త్రీ. మొన్న మా కొట్టులో బ్రాందీ షాపు బోర్డు పూర్తిచేస్తే ఓనరు మెచ్చుకుని సీసా ఇచ్చాడు. సీసా ఆయన గొంతులోకి, గుడ్డ నా పేరు మీదికి ఒకేసారి వెళ్ళాయి. "ముట్టుకుంటే చంపేస్తా" అన్నా. తోశాడు. నిచ్చెన, ఎర్రరంగు డబ్బా, నేను కలిసి పడ్డాం. కాసేపటికి లేచి చూస్తే మనిషి లేడు, చెప్పులున్నాయి. ఇప్పటికీ పత్తా లేడు. పక్కకొట్టు దర్జీకి మాత్రం "చంపేస్తా" అన్న కేక ఒక్కటే వినపడిందట.

నన్ను బయటికి లాగండి.

ఇట్లు,
ఎవర్నీ చంపని కుంచె

తా.క. నేలమీదున్నది నెత్తురు కాదు, రంగు అని మొత్తుకున్నా. "రంగుల కొట్టులో నెత్తురు దాచడం ఎంత తేలిక!" అని ఇన్‌స్పెక్టరు నా తెలివిని మెచ్చుకున్నాడు.

———

కుంచెకి,
ధైర్యం చెబుతూ లాయరు రాసేది.

బోర్డు అమోఘం. దాన్ని చూసి వచ్చిన మొదటి హత్య కేసు నీదే. చట్టంలో నీకు రెండు తలుపులున్నాయి. ఒకటి మత్తు. ఇష్టపడి తాగినవాడికి ఇది తెరుచుకోదు. తెలియకుండా ఎవరో తాగిస్తే, ఏం చేస్తున్నాడో తెలియని స్థితిలో చేస్తే తెరుచుకుంటుంది. కాబట్టి నీ టీలో ఎవరో కలిపారు. ఎవరో గుర్తు తెచ్చుకో.

రెండోది హఠాత్తు కొట్లాట. ముందుగా అనుకోకుండా, ఆ ఉడుకులో, అవతలివాడి నిస్సహాయత చూసి రెచ్చిపోకుండా, క్రూరంగా కాకుండా చంపితే అది హత్య లెక్కలోకి రాదు. శిక్ష తగ్గుతుంది.

"నేను చంపలేదు" అని మాత్రం అనకు. అందరూ అనేదే. జడ్జిగారు ఆవులిస్తారు.

ఇట్లు,
నీ గెలుపే నా బోర్డుకి వెలుగనుకునే లాయరు

తా.క. శవం ఎక్కడ పెట్టావో నాకు చెప్పకు. రాత్రి నిద్రపట్టదు.

———

లాయరు గారికి,
పళ్ళు కొరుకుతూ కుంచె.

టీలో కలిపారా? మా టీకొట్టువాడు పాలే సరిగ్గా కలపడు! తాగింది మేస్త్రీ, నేను కాదు. నాకు ఆ వాసనకే వాంతి.

ముందుగా అనుకోలేదని చెప్పాలా? పేరు తుడిచినప్పుడల్లా అనుకున్నా. దర్జీకి చెప్పా, టీకొట్టువాడికి చెప్పా, మేస్త్రీ పెళ్ళానికి, అదే మా వదినకి కూడా చెప్పా. "ఆయన్ని చంపే వరసలో ముందు నేనున్నా, నువ్వు నా వెనక నిలబడు" అంది.

నిస్సహాయత అంటారా, నేలమీద వెల్లకిలా పడింది నేను! ఒళ్ళంతా ఎర్రరంగు. సారీ చెప్పేదాకా లేవకూడదని కళ్ళు మూసుకుని పడుకున్నా. "ఒరేయ్ కుంచే, కుంచే" అని ఒకటే పిలిచాడు. పలికితే నా పరువేం కావాలి? ఊపిరి బిగబట్టా.

నేను బడికి పోలేదు, బోర్డులు రాస్తూ అక్షరాలు నేర్చుకున్నా. అయినా ఒకటి తెలుసు. మేస్త్రీని చంపేస్తే నాకు సారీ ఎవడు చెప్తాడండీ?

ఇట్లు,
తాగనివాడు, చంపనివాడు, కుంచె

తా.క. శవం ఎక్కడుందో మీకు చెప్పొద్దన్నారు. నాకెవరైనా చెబితే బాగుండు.

———

కుంచెకి,
తలపట్టుకుని లాయరు.

నీ ఉత్తరం చదివాక నీకు శత్రువు పోలీసులు కాదు, నీ నోరే అని తేలింది. వదినని సాక్షిగా పిలవకు. అలిగి రంగులో పడుకున్నానన్న కథ కోర్టులో ఎత్తకు. మీసాలొచ్చిన మగాడు అలా చేస్తాడంటే ఏ జడ్జి

ఇక్కడిదాకా రాసి కలం పక్కన పెట్టాల్సొచ్చింది. తలమీద తువ్వాలు కప్పుకుని, చెప్పుల్లేకుండా ఒక పెద్దమనిషి లోపలికొచ్చాడు.

"హత్య కేసులు ప్రత్యేకమని బోర్డు చూసొచ్చా బాబూ. తాగున్నా. ఉన్నట్టుండి కొట్లాటైంది. తోశా. నెత్తుటి మడుగులో పడ్డాడు బిడ్డ. ఎన్నిసార్లు పిలిచినా పలకలా. నాకేమైనా దారుందా?"

నీకు చెప్పిందే చెప్పా. ఇష్టపడి తాగారు గనక మొదటి తలుపు మూత. రెండోది మాత్రం కొలతలు తీసుకుని మీకే చేయించినట్టుంది అన్నా. జన్మలో ఇంత చక్కగా సరిపోయే ముద్దాయి దొరకలేదు.

"పోయిందెవరు?" అన్నా.

"మా కుంచె" అని బావురుమన్నాడు.

బల్లమీదున్న నీ ఉత్తరం ఇచ్చా. చదవలేదు, అక్షరాల ఒంపు చూశాడు అంతే. "వాడి చెయ్యే! దరిద్రుడు బతికే ఉన్నాడు!" అని నన్ను వాటేసుకున్నాడు. ఇన్నాళ్ళూ పాత స్నేహితుడి గోదాములో దాక్కున్నాడట. ఇద్దరం ఇప్పుడే స్టేషనుకి బయల్దేరుతున్నాం.

ఇట్లు,
హంతకులిద్దరికీ లాయరు

తా.క. ముందుగా ఫోన్లో కథంతా చెబితే ఇన్‌స్పెక్టరు, "ఒకర్నొకరు చంపుకుని ఇద్దరూ బతికున్నారు, రిపోర్టు రాయలేక నేను చచ్చేట్టున్నా" అన్నాడు.

———

లాయరు గారికి,
మా కొట్టులోంచే, నడుం పట్టుకుని కుంచె.

విడుదలయ్యాక మేస్త్రీ నన్ను పట్టుకుని ఏడ్చాడు. సారీ మాత్రం చెప్పలేదు. గోదాముకి తీసుకెళ్ళాడు. దాక్కున్నన్నాళ్ళూ ఊరికే ఉండలేక దానికి కొత్త బోర్డు రాశాడట. కింద మూలన నా పేరు! ఆయన చేత్తో, బంగారు రంగులో, నీడ కూడా వేసి. "నీ గుర్తుగా ఉంటుందని రా" అన్నాడు. నాకు కళ్ళు తడిశాయి.

అప్పుడు జేబులోంచి గుడ్డ తీశాడు.

"బతికే ఉన్నావుగా, ఇంకిదెందుకు?" అన్నాడు.

కొట్లాట మీరు చెప్పినట్టే అయింది. ఇద్దరం తాగలేదు, ముందు అనుకోలేదు. తోశాడు, పడ్డా. పడీ పడకముందే గుడ్డ విసిరేసి నా పక్కన కూలబడ్డాడు. "లేవరా కుంచే, నీ పేరు నీదే, సారీరా నాయనా, కళ్ళు తెరువు!"

పేరు అలాగే ఉంది. వచ్చి చూడండి.

ఇట్లు,
గోదాము బోర్డు మూలన ఉన్న కుంచె

తా.క. సంతోషం పట్టలేక వెంటనే లేచిపోయాను. తప్పు చేశాను. ఇంకాసేపు పడుకునుంటే బ్రాందీ షాపు బోర్డు కూడా నా పేరున వచ్చేది.