స్టార్ పెట్టిన అంకె

జూలై 6, ఆదివారం

మా లావణ్య క్రియాటినిన్ 0.9! రక్తంలో ఆ అంకె ఎంత తక్కువుంటే కిడ్నీ అంత బాగున్నట్టు. నేనిచ్చిన కిడ్నీ నా బిడ్డ ఒంట్లో ఐదేళ్లుగా ఒక్కరోజు కూడా డ్యూటీ ఎగ్గొట్టలేదు! ముప్పై నాలుగేళ్లు రైలు పట్టాల వెంట నడిచి వాటి బిగింపులు చూసిన కీమ్యాన్‌ని నేను, నాకు ఇంత సంతోషం ఏ ప్రమోషన్‌కూ కలగలేదు. రెండు కిలోల మటన్ తెచ్చి దావత్ చేశాను. మూడోసారి వేసుకుంటుంటే మా ఆవిడ సమ్మమ్మ కసిరింది, ఒక్క కిడ్నీతోని ఉన్న మనిషివి, జర సూస్కొని తినరాదయ్యా అని.

రేపు నా ఏడాది కిడ్నీ టెస్టు.

జూలై 7, ఉదయం 9

రక్తం ఇచ్చి వచ్చాను. పరగడుపున రమ్మన్నారు కదా, నిన్న భోజనం తర్వాత గుక్కెడు నీళ్లు కూడా ముట్టలేదు. టెస్టు చెడిపోకూడదు మరి.

జూలై 8

క్రియాటినిన్ 1.6. పక్కన, హద్దు దాటితే పెట్టే స్టార్. కింద ఈజీఎఫ్ఆర్ 48. పోయిన ఏడు 1.3, 62.

ల్యాబ్ ఆమెను అడిగాను. కిడ్నీ రక్తాన్ని ఎంత వడపోస్తాందో సెప్పే లెక్క తాతా, తగ్గింది, డాక్టరుకు సూపెట్టు అన్నది.

చూపిస్తే లావణ్యకు తెలుస్తుంది. ఇద్దరికీ ఒకే డాక్టరు. ఆపరేషన్ ముందురోజు నా చెయ్యి పట్టుకుని, బాపూ, నీకేమన్నయితే నేనెట్ల బతుకుత అని ఏడ్చిన పిల్ల అది. రిపోర్టు పాత యూనిఫాం మడతలో పెట్టాను.

జూలై 9

రిపోర్టు ఏదని లావణ్య అడిగింది. ఇంకా రాలేదన్నాను.

జూలై 11

దొరికిపోయాను. ల్యాబ్ వాళ్లు ఇవాళ రిపోర్టు ఫోన్‌కు కూడా పంపారు. ఫారంలో లావణ్య నంబరు రాసింది నేనే!

ఏడుస్తుందనుకున్నాను. లేదు. పోలీసులా ఎదురుగా కూర్చుని, ముందురోజు ఏం తిన్నవు, నీళ్లెన్ని తాగినవు అని నిలదీసింది. చుక్క కూడా తాగలేదంటే తల కొట్టుకుంది. పరగడుపు అంటే నీళ్లు మానుమని కాదు బాపూ, ఐదేండ్ల సంది ఈ రిపోర్టులే సదువుతాన, నన్నడగరాదా అన్నది. దాస్తే నా ఫికర్ పోతదనుకున్నవా అన్నది. లేచి యూనిఫాం మడతలోంచి రిపోర్టు తీసి ఇచ్చాను.

వాళ్లమ్మకు చెప్పనని మాత్రం ఒట్టు వేయించుకున్నాను.

జూలై 14

మొన్న డాక్టరమ్మకు చూపించాం, కోప్పడలేదు. మటన్ బాగా తిని నీళ్లు తాగకుండా వస్తే ఆ అంకె పెరగొచ్చట. కిడ్నీ ఇచ్చినవాళ్లకు ఈజీఎఫ్ఆర్ అరవై దగ్గర ఉండడం మామూలేనట. ఏటా అక్కడే నిలిచిందా, కిందికి జారుతోందా అన్నదే చూడాలట. ఒక్క టెస్టుతో తేల్చం, మళ్లీ చేద్దాం అన్నది.

అరె, ఇది నాకు తెలియని సంగతా! మిట్టమధ్యాహ్నం ఎండకు పట్టా సాగి జాయింటు దగ్గర సందు మూసుకుపోతుంది. పొద్దున మళ్లీ తెరుచుకుంటుంది. ఏ పూట కొలిచానో చెప్పకుండా గ్యాపు చెబితే మా మేస్త్రీ ఊరుకునేవాడా? పట్టాల సంగతి తెలిసీ నా ఒంటి దగ్గర మరిచిపోయాను.

మొన్నటి నుంచి మటన్ లేదు. ఈ ఉదయం లావణ్య దగ్గరుండి చెంబెడు నీళ్లు తాగించి మరీ రక్తం ఇప్పించింది.

జూలై 16

1.3! 62!

చెప్పవలసినవాళ్లు:

తొర్రూరు సుగుణక్క. కిడ్నీ ఇయ్యొద్దని ఆనాడు ఏడ్చింది, ముందు ఆమెకే.

డోర్నకల్ పోశయ్య బావ. అతనూ పట్టాల మనిషే, గ్యాపు సంగతి విడమరచనక్కర్లేదు.

స్టేషన్ ఘన్‌పూర్ కళావతి వదిన.

సమ్మమ్మ. మూడోసారి మటన్ వేసుకున్న దగ్గర నుంచి చెప్పాలి.