నాలుగో హద్దురాయి

6 మార్చి 1958, గురువారం

ఈరోజు కూడా జాబెజ్ తాత దగ్గరికి వెళ్ళాను. ఊరంతా ఆయన్ని తాత అనే అంటారు. ఎనభై నాలుగేళ్ళు. అరవై ఏళ్ళు పొలాలకు కంచెలు అల్లిన మనిషి. ముళ్ళచెట్టు కాండాన్ని ముప్పాతిక వంతు నరికి, విరగకుండా వంచి, ప్రాణం పోకుండా పక్కకి పడుకోబెట్టడం మా హార్న్‌కోట్‌లో ఇక ఎవరికీ చేతకాదు.

నాలుగేళ్ళుగా గురువారాలు అమ్మ పోస్టాఫీసు మధ్యాహ్నానికే మూసేస్తుంది. నేను తాత దగ్గరికి వెళ్తాను. ఆయన చెప్తాడు, నేను రాసుకుంటాను. ఇవాళ్టితో తొమ్మిదో నోట్‌బుక్ నిండింది. పొలాల పేర్లన్నీ వచ్చాయి. ఆకలి మడి. కోయిల దొడ్డి. విధవరాలి కొంగు. మ్యాపులో వీటికి ఉన్నవి నంబర్లే.

వచ్చే ఏడాదికి చర్చికి ఏడు వందల ఏళ్ళు. ఊరి చరిత్ర పుస్తకంగా వేస్తారట. ఆ చర్చి పాస్టరు, వికార్ గారు, స్టాంపులకు వచ్చి అమ్మతో అన్నారు. నేను లోపలి గదిలో ఉన్నాను. బయటికి వచ్చి నేను రాస్తాను అనొచ్చు. రాలేదు. ఆయనే అడుగుతారు అనుకున్నాను.

9 మార్చి, ఆదివారం

ఆ పుస్తకం మిస్ ఇమోజెన్ ఫేన్ రాస్తుందట.

11 మార్చి

నవంబరులో లండన్ నుంచి వచ్చింది. పాత మిల్లు ఇల్లు అద్దెకు తీసుకుంది. ప్యాంట్లు వేసుకుంటుంది. ఎవరింట్లోకైనా నవ్వుకుంటూ వెళ్ళిపోతుంది, ఎవరూ ఏమీ అనుకోరు. ఆమె వచ్చి నాలుగు నెలలు. నేను ఇక్కడే పుట్టి ఇరవై మూడేళ్ళు.

అమ్మ అంది కదా, మనం ఆదివారం బస్సెక్కి టౌన్‌లో మాస్ పూజకి పోయేవాళ్ళం, వాళ్ళ ప్రొటెస్టెంట్ చర్చి పుస్తకం క్యాథలిక్ పిల్లనెందుకు రాయమంటారే అని. కాసేపాగి, అయినా నువ్వు రాస్తున్నావని వాళ్ళకెలా తెలుస్తుంది, నీ నోట్లో నాలుకుంటేగా అని కూడా అంది.

కాన్వెంట్లో సిస్టర్ క్లెమెంట్ ఏడు మహాపాపాలకూ ఉదాహరణలు అడిగేది. అసూయ నా వంతుకు వచ్చింది. ఏమీ తోచక నిలబడిపోయాను. ఇప్పుడైతే పేజీలకు పేజీలు చెప్పగలను.

20 మార్చి, గురువారం

తాత ఇంటి వాకిట్లోనే ఆమె గొంతు వినిపించింది.

బల్ల మీద టేప్ రికార్డర్. రెండు చక్రాలు తిరుగుతున్నాయి. తాత చొక్కాకి పండగనాటి తెల్ల కాలర్ పెట్టుకున్నాడు. ఆమె ముందు నీలం పువ్వుల కప్పు, చనిపోయిన ఆయన భార్య మార్తాది. నాలుగేళ్ళలో నాకెప్పుడూ చెవి విరిగిన మగ్గులోనే టీ.

రావే పిల్లా, కూర్చో, ఏం మాట్లాడినా ఈ పెట్టె పట్టేసుకుంటుందట, తుమ్మొస్తే బయటికెళ్ళి తుమ్ము అన్నాడు. ఆమె పకపకా నవ్వింది. ఆ నవ్వూ టేపులో పడి ఉంటుంది.

1884లో జరిగిన హద్దుల నడక గురించి చెప్తున్నాడు. తర్వాత మళ్ళీ జరగలేదు. అప్పుడు ఆయనకు పదేళ్ళు. ఊరంతా వికార్ వెనక హద్దు వెంబడి నడిచి, ఒక్కో హద్దురాయినీ విల్లో బెత్తాలతో కొట్టారు. పిల్లల్ని తలకిందులుగా ఎత్తి ప్రతి రాయికీ తల మూడుసార్లు తాకించారు. చచ్చేదాకా ఆ చోటు గుర్తుండాలని. నాలుగు రాళ్ళకి పన్నెండు దెబ్బలమ్మా, బొప్పి ఇంకా ఉంది, కావాలంటే తడిమి చూడు అన్నాడు. ఆమె లేచి తడిమి చూసింది.

ఈ కథ నా మూడో నోట్‌బుక్‌లో ఉంది. బొప్పి సంగతి లేదు.

2 ఏప్రిల్

హద్దుల నడక మళ్ళీ చేస్తారట. మే పన్నెండు, సోమవారం. ఆలోచన ఆమెదే. మహిళా సంఘం ప్రెసిడెంటు మిసెస్ టాప్లీ కౌంటరు దగ్గర నిలబడి, ఆ పిల్ల వచ్చాక ఊరికి ప్రాణం లేచొచ్చింది కదమ్మా బెర్నడెట్ అంది. అవునండీ అన్నాను. ఆవిడ పార్సిల్ మీద స్టాంపు వంకరగా అంటించాను.

17 ఏప్రిల్, గురువారం

తాత దగ్గరికి వెళ్ళలేదు. తలనొప్పి అని కబురు పంపాను. తలనొప్పి లేదు.

24 ఏప్రిల్, గురువారం

వెళ్ళలేదు.

29 ఏప్రిల్, మంగళవారం. మధ్యాహ్నం రెండు గంటలు

ఇప్పుడే జరిగింది.

ఇమోజెన్ మ్యాపు పట్టుకుని వచ్చింది. మూడు రాళ్ళు దొరికాయట. మార్ల్‌టన్ ఊరి వైపున్న నాలుగోది దొరకలేదు. తాత దగ్గుతో మంచం దిగడం లేదు. అడిగితే పోస్టాఫీసు పిల్లనడుగు అన్నాడట. నీకు తెలుసా డార్లింగ్ అంది.

తెలుసు. మూడేళ్ళ కిందట, అక్టోబరులో, తాత నన్ను విధవరాలి కొంగు దాటించి తీసుకెళ్ళాడు. కాలవ గట్టున ఎల్డర్ పొదలోకి వంగి దూరాం. మోకాలెత్తు రాయి, నిండా నాచు. దాని మీద శిలువ గీత కంటికి ఆనదు, వేలికే తెలుస్తుంది. నా వేలు పట్టుకుని దాని వెంట నడిపించాడు.

ఇవాళ ఆ వేలే మ్యాపు మీదికి వెళ్ళింది. కోయిల దొడ్డి నడిమధ్యలో ఆగింది. ఇక్కడ ఒంటరిగా ఒక రాయి ఉంటుంది, అదే అన్నాను.

అది ఆవులు ఒళ్ళు రుద్దుకోవడానికి ఎవరో పాతిన రాయి.

ఆమె కనుబొమలు ముడిచింది. మ్యాపులో హద్దు కాలవ వెంబడి కదా ఉంది అంది. మ్యాపు వేసినవాళ్ళు నిన్న మొన్న వచ్చారు, రాయి వాళ్ళకంటే పాతది అన్నాను. ఆమెతో ఎప్పుడూ రెండు ముక్కలు కలిపి మాట్లాడని దాన్ని, ఎంత బాగా చెప్పానో. నువ్వు బంగారానివి, నిన్నింతవరకూ ఎక్కడ దాచారు వీళ్ళు అంటూ కౌంటరు మీదుగా వంగి నన్ను కావలించుకుంది. ఆమె దగ్గర లావెండర్ వాసన వచ్చింది.

3 మే, శనివారం

టౌన్‌కి వెళ్ళి పాపసంకీర్తనం చేసుకున్నాను. అబద్ధం చెప్పాను ఫాదర్ అన్నాను. దేని గురించి అన్నారు. ఒక రాయి గురించి అన్నాను. మా మధ్య ఉన్న జాలీకి ఫాదర్ దగ్గరగా జరిగారు. రాయి గురించా అన్నారు. అవును ఫాదర్. దానివల్ల ఎవరికైనా దెబ్బ తగిలిందా అన్నారు. ఇంకా లేదు అన్నాను.

ప్రాయశ్చిత్తంగా మూడు మరియ జపాలు చెప్పమన్నారు.

బస్సెక్కాక గుర్తొచ్చింది. రాయి సంగతి చెప్పాను గాని అసూయ సంగతి చెప్పలేదు.

12 మే, సోమవారం

పొద్దున తొమ్మిదికి బయల్దేరాం. అరవై మంది ఉంటారు. ముందు వికార్ గారు, పక్కన బెత్తంతో ఇమోజెన్, భుజాన టేప్ రికార్డర్ మోస్తూ మిస్టర్ టాప్లీ. నేను చివర. మొదటి మూడు రాళ్ళూ సవ్యంగా జరిగాయి. ప్రార్థన, బెత్తాలు, పిల్లల తలలు. మూడో రాయి దగ్గర అందరూ చీజ్ రొట్టె తిన్నారు. నాది జేబులో పెట్టుకున్నాను.

కోయిల దొడ్డి గేటు తీయగానే ఆ పొలం రైతు గోసేజ్ గారి ఎర్ర ఆవులు తలలెత్తాయి. మేం రాయి చుట్టూ నిలబడితే అవి మా చుట్టూ నిలబడ్డాయి, తమ వంతు కోసం వచ్చినట్టు. వికార్ గారు రాయి మీద చెయ్యి ఆన్చి కీర్తన చదివారు. చెయ్యి తీస్తే అరచేతి నిండా ఎర్ర వెంట్రుకలు. కోటుకు తుడుచుకుని, చదవడం ఆపలేదు. మిసెస్ టాప్లీ మనవరాలు ప్రూని తలకిందులుగా ఎత్తి మూడుసార్లు తాకించారు. లేపేసరికి నెత్తి మీద ఇంకో జుట్టు.

అప్పుడు గోసేజ్ గారు టోపీ తీసి, వికార్ గారూ, తప్పుగా అనుకోకండి, ఇది మా ఆవులు వీపు గోక్కునే రాయండీ, హద్దురాయి అని ఎవరు చెప్పారు అన్నారు. ఎవరో కిసుక్కుమన్నారు. ఇమోజెన్ తల తిప్పి నన్ను వెతికింది. కోపంగా కాదు. నువ్వే చెప్పు వీళ్ళకి అన్నట్టు.

నేను ఆవుల వైపు తిరిగాను.

ఇంతలో గేటు దగ్గర ట్రాక్టరు ఆగింది. వెనక ట్రాలీలో గడ్డిమోపు మీద, రెండు దుప్పట్లు కప్పుకుని జాబెజ్ తాత. చివరి రాయి దగ్గరికైనా చేర్చమని పోరు పెట్టాడట. అదుగో, చూసినవాడే వచ్చాడు అన్నారు వికార్ గారు. తాతా, నువ్వు చెప్పు, నిన్ను తలకిందులు చేసింది ఈ రాయి దగ్గరేనా.

తాత రాయిని చూశాడు. ఆవుల్ని చూశాడు. జనంలో ఒక్కొక్కరినీ చూసుకుంటూ చివరికి నా దగ్గర ఆగాడు. ఆయన కళ్ళు అంతసేపు ఆర్పకుండా ఉండగలవని నాకు తెలియదు.

ఇదే అన్నాడు. గోసేజూ, నీ ఆవులకి నీకంటే బుద్ధుంది, మంచి రాయే ఏరుకున్నాయి.

అందరూ నవ్వారు. గోసేజ్ గారు కూడా నవ్వి టోపీ పెట్టుకున్నారు. బెత్తాలు లేచాయి. టేపు తిరుగుతూనే ఉంది.

15 మే, గురువారం

ఆరోహణ పండుగ. పొద్దున మాస్. మధ్యాహ్నం తాత దగ్గరికి.

మంచంలో దిండ్లకు ఆనుకుని ఉన్నాడు. టీ నన్నే పెట్టుకోమన్నాడు. నేను నీలం పువ్వుల కప్పు వైపు చూస్తుంటే, అదెందుకే నీకు, అది చుట్టాలకి అన్నాడు. ఆ మిల్లింటి పిల్ల చుట్టం. ఇంటి మనుషులకి మగ్గు చాలదా.

మగ్గులో పోసుకున్నాను. తాగలేకపోయాను.

ఎందుకలా చెప్పావు తాతా అని అడిగాను. ఏం చెయ్యమంటావు, నీ ముఖం సున్నం కొట్టిన గోడలా ఉంది అన్నాడు. కాసేపు దగ్గాడు. ఆ పెట్టె పిల్ల నాలుగో రాయి గురించి నన్ను మూడుసార్లు అడిగిందే. చెప్పలేదు. అది నీకిచ్చేశాను కదా. ఇచ్చేసినదాన్ని మళ్ళీ ఇంకొకళ్ళకి ఎలా ఇస్తాను. అందుకే నీ దగ్గరికి పంపాను. నువ్వు తీసుకెళ్ళి చూపిస్తావు, పుస్తకంలో ఇద్దరి పేర్లూ పడతాయి అనుకున్నాను, ముసలి బుర్ర.

నాలుగేళ్ళు ఆయన మాటలన్నీ రాసుకున్నాను. ఇవాళ ఒక్కటీ రాసుకోలేదు. ఇంటికొచ్చి రాస్తున్నాను. ఒక్కటీ మర్చిపోలేదు.

వచ్చేస్తుంటే గుమ్మం దాకా ఆయన గొంతు వచ్చింది. అసలు రాయి ఇప్పుడు ఇద్దరికే తెలుసే పిల్లా. అందులో ఒకడికి దగ్గు.

17 మే, శనివారం

పుస్తకం జూన్ మొదటి వారంలో ప్రెస్సుకి వెళ్తుందని మిసెస్ టాప్లీ చెప్పింది. కోయిల దొడ్డి రాయి ఫోటో అట్ట మీద వేస్తారట.

పాపసంకీర్తనానికి వెళ్ళలేదు. ఇది ఫాదర్‌తో చెప్పాల్సింది కాదు.

18 మే, ఆదివారం

మిల్లు దాకా వెళ్ళాను. కిటికీలోంచి టేపు వినిపిస్తోంది. తాత నవ్వు. ఆమె ఒక్కతే కూర్చుని, ఆపి, వెనక్కి తిప్పి, అదే నవ్వు మళ్ళీ వింటోంది. ఆయన్ని నేనొక్కదాన్నే అలా వింటాననుకున్నాను.

తలుపు తట్టకుండా తిరిగొచ్చేశాను.

19 మే, సోమవారం

ఇమోజెన్‌ని ఎల్డర్ పొదలోకి తీసుకెళ్ళాను. ఆమె వేలు పట్టుకుని శిలువ గీత మీద నడిపించాను. జరిగింది చెప్పాను. తొమ్మిది నోట్‌బుక్కులూ ఆమె ఒళ్ళో పెట్టాను.

ఆమె వాటిని పక్కన గడ్డిలో పెట్టింది. తర్వాత మోకాళ్ళ మీద కూర్చోమంది. రెండు చేతులతో నా తల పట్టుకుని రాయికి తాకించింది. ఒకటి. రెండు. మూడోది గట్టిగా.

బొప్పి కట్టింది. తడిమితే తెలుస్తోంది.