మూడు కాఫీల బేరం

ఏలూరు, జూన్ 3

ప్రియమైన మాస్టారికి,

ఖాదర్ సలాములు. ఫోన్ చేస్తే మా ఆవిడ కుల్సుమ్ వింటుందని ఉత్తరం రాస్తున్నాను. నా కళ్ళకి సూదిబెజ్జం కనిపించడం మానేసింది. మీ స్కూలు యూనిఫారాలు కుట్టిన మిషన్లు, షాపు అన్నీ అమ్మేశాను. చేతిలో పాతిక లక్షలున్నాయి. కొల్లేటికోట చేపల చెరువులో పెట్టమని తమ్ముడంటాడు. చేపలు ఒక్క రాత్రిలో చచ్చి తేలతాయి, ఇల్లు తేలదు కదా. బ్యాంకు వడ్డీ మేము ముట్టమని మీకు తెలుసు.

మీ తాడేపల్లిగూడెంలో ఒక మేడమీద పోర్షన్ అమ్మకానికుంది. పదివేలు అద్దె గ్యారంటీ అంటాడు బ్రోకరు. ఖర్చులు పోను నెలకి ఎనిమిది చేతికొస్తేనే మాకు ఇల్లు గడుస్తుంది. మీరు అద్దెకొచ్చినవారిలా వెళ్ళి, అసలెంతొస్తుందో కనుక్కోండి.

ఎప్పటికీ మీ
ఖాదర్

తాడేపల్లిగూడెం, జూన్ 9

ప్రియమైన ఖాదర్ గారికి,

వెళ్ళాను. ఇంటావిడ పాపమ్మ గారు కింద పోర్షన్లో ఉంటారు. "ముందు కాఫీ తీసుకోండి, తర్వాత మాట్లాడుకుందామండీ" అన్నారు. పదివేలు చెప్పారు. విని ఊరుకోవచ్చు కదా, నా నోరు ఊరుకోదే. గోడ చెమ్మ, కుళాయిలో సన్నధార, మెట్ల ఎత్తు, అన్నీ ఎత్తి చూపించాను. రెండో కాఫీకి ఏడున్నరకి దిగారు.

ఇక లెక్క. ఏడాదికి తొంభై వేలు. పన్ను, రంగులు, మోటారు రిపేర్లకి పదిహేడు వేలు తీసేయండి. ఏడాదికో నెల ఖాళీ తప్పదు, అదో ఏడున్నర. నెలకి మీకు మిగిలేది ఐదున్నర వేలకి లోపే. కొనకండి. మూడో కాఫీ దగ్గర ఇంకో సంగతి జరిగింది, తీరిగ్గా రాస్తాను.

మీ శ్రేయోభిలాషి
భీమశంకరం

ఏలూరు, జూన్ 20

ప్రియమైన మాస్టారికి,

అద్దె కనుక్కోమంటే తగ్గించి వచ్చారు. బ్రోకరు తొందరపెడితే, మీ ఉత్తరం అందేసరికే నేను బయానా ఇచ్చేశాను. కుల్సుమ్‌కి తెలిసిపోయింది. అన్నం పెడుతోంది, మాట్లాడ్డం లేదు.

దానికి తోడు పాపమ్మ గారు ఫోన్ చేసి సంబరంగా చెప్పారు, ఎవరో పెద్దమనిషి ఏడున్నరకే పదకొండు నెలల అగ్రిమెంటు రాసి అడ్వాన్సు కూడా ఇచ్చారట. ఇల్లు కొనేవాడు ఆ అగ్రిమెంటుకి కట్టుబడాలట. మాస్టారూ, నాకు భయంగా ఉంది. ఆ మనిషెవరో కనుక్కుని, కాళ్ళు పట్టుకునైనా పంపించేయండి.

దిగులుతో
మీ ఖాదర్

తాడేపల్లిగూడెం, జూన్ 25

మహారాజశ్రీ ఇంటి ఓనరు గారి సముఖానికి,

ఆ మనిషిని నేనే. మూడో కాఫీ ఇస్తూ పాపమ్మ గారు "మరి ఎప్పుడు దిగుతారండీ?" అన్నారు. ఆవిడ పాలన్నీ తాగేసి, ఊరికే చూడ్డానికొచ్చానని ఏ మొహంతో చెప్పను? "ఒకటో తారీఖునండీ" అనేశాను. మా ఉమాదేవి రెండు రోజులు తిట్టింది. మూడో రోజు వెళ్ళి వంటగది చూసి, ఇప్పుడున్న ఇంటికంటే ఇదే నయమంది.

దిగులుపడకండి. నేను ఖాళీ చేసేది లేదు కనుక ఖాళీ నెల లెక్కలోంచి కొట్టేశాను. ఎనిమిది మీ చేతికి రావాలంటే అద్దె తొమ్మిదిన్నర ఉండాలి. నేను ఇప్పుడు కట్టేదీ అంతే, కనుక నాకు నష్టమేం లేదు. నెలనెలా తొమ్మిదిన్నరా పంపిస్తాను. ఈ సంగతి కుల్సుమ్ గారికి ఈరోజే చెప్పండి.

పాపమ్మ గారికి మాత్రం తెలియనివ్వకండి. నా అంత గట్టి బేరగాడు ఈ ఊళ్ళో లేడని ఆవిడ వీధంతా చెబుతున్నారు.

మీ అద్దెదారు
భీమశంకరం