రెండుసార్లు ఉప్పు పడ్డ బకెట్

అత్తయ్య గారికి,

పక్క గదిలోంచే రాస్తున్నాను. తలుపు కిందనుంచి కాగితం తోసినందుకు తర్వాత ఎంతైనా తిట్టండి, ముందు చదవండి.

మామయ్య గారి సముద్రపు చేపలు తొట్టి మూలకు చేరి రొప్పుతున్నాయి. ఆయన "పెద్దమనిషి" అని పిలుచుకునే నారింజ చేప పక్కకు ఒరిగిపోతోంది. తొట్టిలో నీళ్లు మార్చాలి, బకెట్లో సముద్రపుప్పు కలపమని పొద్దున ఆస్పత్రి నుంచి ఆయన ఫోన్ చేశారు. కలిపాను. మనిద్దరికీ మాటల్లేవని మీకూ విడిగా చెప్పినట్టున్నారు. మీరూ అదే బకెట్లో వేసినట్టున్నారు, డబ్బాలో ఉప్పు నేను వేసినదానికి రెట్టింపు తగ్గింది. కరిగిన ఉప్పు కంటికి కనిపించదు కదా! కొలవకుండా తొట్టిలో పోసింది మాత్రం నేనే. ఇప్పుడు ఉప్పు కొలిచే ముల్లు ఎర్రగీత దాటేసింది.

చేపల కొట్టతనికి ఫోన్ చేశాను. "కంగారుపడి మంచినీళ్లు ఒక్కసారే గుమ్మరించారంటే ఆ దెబ్బకే పోతాయమ్మా. కొంచెం తోడి, కొంచెం పోయండి. ముల్లు మీంచి చూపు తిప్పొద్దు" అన్నాడు.

తోడడానికీ పోయడానికీ నా రెండు చేతులూ సరిపోతాయి. ముల్లు చూడటానికి ఇంకో మనిషి కావాలి. సాయంత్రం మామయ్య గారు ఇంటికొస్తున్నారు. గుమ్మంలో అడుగుపెట్టగానే ఆయన చూసేది మన మొహాలు కాదు, ఆ తొట్టి.

మొన్న అన్న మాటలు నేను వెనక్కి తీసుకోవడం లేదు. మీరూ తీసుకోకండి. కళ్లద్దాలు మాత్రం తెచ్చుకోండి. నాతో మాట్లాడక్కర్లేదు, ముల్లు ఎక్కడుందో పైకి చదివితే చాలు.

తొట్టి దగ్గరే నిలబడి ఉన్న
మీ కోడలు