ఎల్లప్పన్న వేసిన ముడి

ఎమ్మిగనూరు, మంగళవారం రాత్రి

రేపు మా వార్డులో ఉన్న నేతగాడు ఎల్లప్పన్నకు మోకాలి కింద కాలు తీసేస్తారు. షుగరు పుండు పైకి పాకింది. సాయంత్రం కట్టు మారుస్తుంటే, "మత్తుమందు లేని కాలంలో ఎట్ల కోస్తాండ్రి సిస్టరమ్మా?" అని అడిగాడు.

చదువుకున్నది చెప్పాను. నలుగురు అదిమి పట్టుకుంటే వైద్యుడు నిమిషాల్లో కోసేవాడు. రక్తం ఆగడానికి ఎర్రగా కాల్చిన ఇనుముతో వాత పెట్టేవారు. వాత మానేసి, తెగిన రక్తనాళాన్ని దారంతో ముడి వేయాలని తోచిన మనిషి ఎంత గొప్పవాడో! ఇప్పటికీ అదే పద్ధతి.

"దారంతోనా? అయితే అది మా పనే గదమ్మా!" ఎల్లప్పన్న ముఖం వెలిగింది. తువ్వాలు అంచు నుంచి పోగు లాగి తెంపి, మగ్గం మీద తెగిన పోగును అతికినట్టే ముడి వేసి ఇచ్చాడు. ఇన్నేళ్ళుగా కుట్లు చూస్తున్నాను, అంత చిన్న ముడి చూడలేదు.

మగ్గం గుంటలో చెక్కలను రెండు కాళ్ళతోనూ తొక్కాలి కదా, ఇక నేత ఎలా అనుకున్నాను. ఆయనే అన్నాడు: "రెండు కాళ్ళ పని ఒంటికాలికి నేర్పిస్తాలే. డాక్టరుకు సెప్పు, ముడి మాత్రం గట్టిగా ఏయమను."

ఆ పోగు ఈ పేజీలో పెట్టాను. రాస్తూ రాస్తూ మళ్ళీ లాగి చూశాను. ఊడలేదు.